మగ్గీ మగ్గని మన బొగ్గు

చింతలపూడి దగ్గర బొగ్గు ఉందన్న వార్త వచ్చినప్పుడల్లా హనుమాన్ జంక్షన్ టీ కొట్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "మన బాపులపాడు తోటల కింద కూడా ఉండే ఉంటుందిరా" అని. రెండోది, "కదపకుండా వదిలేస్తే ఎప్పటికైనా వజ్రమైపోద్ది" అని. మొదటి మాటలో కొంచెం నిజం ఉండొచ్చు. రెండోదాంట్లో అస్సలు లేదు. ముందు దాని సంగతి తేల్చేద్దాం.

వజ్రం బొగ్గు నుంచి రాదు. రెండూ కార్బనే, చుట్టరికం అంతవరకే. వజ్రాలు సాధారణంగా 150 కిలోమీటర్లకు పైగా లోతున పుట్టి, అగ్నిపర్వతాల గొట్టాల్లోంచి పైకొచ్చాయి. వాటిలో చాలావాటి వయసు 100 కోట్ల ఏళ్లు దాటుతుంది. భూమ్మీద చెట్లు పుట్టి 40 కోట్ల ఏళ్లు కూడా కాలేదు. చెట్టే లేనప్పుడు బొగ్గెక్కడిది? వానలు పడగానే పరిటాల, గుడిమెట్ల వైపు వజ్రాల కోసం వెతికేవాళ్లు బొగ్గు గురించి ఆలోచించనక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా తీర్చుకోవాలి. ఇస్త్రీ పెట్టెలో వేసేది కట్టె బొగ్గు. గాలి తగలకుండా బట్టీలో కాలిస్తే రోజుల్లో తయారవుతుంది. గనిలోంచి తీసేది రాక్షసి బొగ్గు. ఇది కాలలేదు, మగ్గింది.

మగ్గబెట్టడం అంటే ఏంటో నూజివీడు చుట్టుపక్కల వాళ్లకి నేను చెప్పాలా! రసాలు కోసి, గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మీద మళ్లీ గడ్డి కప్పుతారు. ఆ గడ్డి బరువు కోసం కాదు కదా. వెచ్చదనం, కాయ వదిలే ఇథిలీన్ గ్యాసు బయటికి పోకుండా ఉండటానికి. బరువు ఎక్కువైతే అడుగు కాయ నలుగుతుందే తప్ప పండదు. బొగ్గు విషయంలోనూ అంతే. స్కూలు పుస్తకంలో "వేడి, ఒత్తిడి వల్ల" అని ఒక్క ముక్కలో రాసేస్తారు గానీ ఆ రెండూ సమానం కాదు. ఒత్తిడి మొదట్లో నీళ్లు పిండేసి, పొరని పలచన చేస్తుంది. అసలు మార్పంతా వేడి పనే.

మొదలు మాత్రం చిత్తడి నేలలోనే. కొల్లేరు అంచున అడుగు బురద తీసి చూడండి, కుళ్లిన తూడు, ఆకుల వల్ల నల్లగా ఉంటుంది. నీళ్లలో గాలి అందక పూర్తిగా కుళ్లని మొక్కలు అలా మీటర్ల మందాన పేరుకుంటే దాన్ని పీట్ అంటారు. తర్వాత నేల కుంగుతూ ఉండాలి, పైన ఇసుక, మట్టి పడుతూ ఉండాలి. కిందికి దిగేకొద్దీ కిలోమీటరుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. ముందు తేమ పోతుంది. తర్వాత ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రూపంలోనూ నీటి రూపంలోనూ పోతుంది. ఇంకా కాగితే హైడ్రోజన్ మీథేన్‌గా వెళ్లిపోతుంది. కార్బన్ మాత్రం మిగులుతూ వస్తుంది. తేమ, బూడిద తీసేసి లెక్కేస్తే కట్టెలో కార్బన్ సుమారు 50 శాతం, లిగ్నైట్‌లో 70, బిట్యుమినస్‌లో 80 నుంచి 90, ఆంత్రసైట్‌లో 92 పైన.

మరి వయసు? వయసొక్కటే చాలదు. మాస్కో దగ్గరి బొగ్గుకి 30 కోట్ల ఏళ్లు దాటాయి, ఇప్పటికీ లిగ్నైటే. ఎప్పుడూ లోతుకు దిగలేదు, వేడెక్కలేదు. ఇండోనేషియాలోని బుకిత్ ఆసమ్ బొగ్గు దాని ముందు పసిపిల్ల. కానీ పక్కకి లావా చొచ్చుకొచ్చిన చోట అదే బొగ్గు ఆంత్రసైట్ దాకా వెళ్లిపోయింది. మన భాషలో కార్బైడ్ వేసి పండించడం అన్నమాట. అన్నట్టు, పళ్లకి వాడకూడదని నిషేధించిన ఆ కార్బైడ్‌ని తయారు చేసేదే సున్నం, కోక్ కలిపి కొలిమిలో కాల్చి. కోక్ వచ్చేది బొగ్గు నుంచే.

ఇప్పుడు మన బొగ్గు దగ్గరికి వద్దాం. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర దీన్ని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే కంపెనీకి వచ్చింది. ఆ బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైనే. అప్పుడు మన నేల అంటార్కిటికా పక్కన, గోండ్వానా ఖండంలో ఉంది. అక్కడ పెరిగినవి ఆకు నాలుక ఆకారంలో ఉండే గ్లోసోప్టెరిస్ చెట్లు. గోదావరి లోయ కుంగుతూ పోవడంతో ఆ చిత్తడి పొరలు కిందికి దిగాయి.

ఇంత వయసున్నా సింగరేణి బొగ్గు పూర్తిగా మగ్గలేదు. బొగ్గు ఎంత మగ్గిందో దాని మెరుపు చెబుతుంది. పాలిష్ చేసిన ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి, వేసిన కాంతిలో ఎంత శాతం వెనక్కి వస్తుందో కొలుస్తారు. సింగరేణి బొగ్గులో ఇది చాలావరకు 0.4 నుంచి 0.6 శాతం మధ్య ఉంటుంది. అంటే ఆ బొగ్గు ఇన్ని కోట్ల ఏళ్లలో మరిగే టీ గిన్నె కన్నా ఎక్కువ వేడి చూసి ఉండకపోవచ్చు!

దీని ఫలితం మన జేబు దాకా వస్తుంది. ఉక్కు కొలిమికి కావాల్సిన బొగ్గు గాలి లేకుండా కాల్చినప్పుడు మెత్తబడి, ఉబ్బి, గట్టి కోక్‌గా బిగుసుకోవాలి. ఆ గుణం మెరుపు ఒక శాతం దాటాకే బాగా వస్తుంది. సింగరేణి బొగ్గు కరెంటుకి పనికొస్తుంది, కోక్‌కి రాదు. అందుకే ఇంత బొగ్గు పక్కన పెట్టుకుని కూడా విశాఖ ఉక్కు ఓడల్లో విదేశీ బొగ్గు తెప్పించుకుంటుంది. బూడిద ఎక్కువనే ఫిర్యాదు మాత్రం మగ్గడానికి సంబంధించింది కాదు. అది ఆనాటి వరదలు చెట్లతో పాటు తెచ్చి పోసిన మట్టి.

అదే బొగ్గు పూర్తిగా మగ్గిన చోటు కూడా మన దగ్గరే ఉంది. ఆ కాలం నాటి పొరలు గోదావరి జిల్లాల్లో డెల్టా కింద కిలోమీటర్ల లోతుకు దిగిపోయాయి. ఓఎన్‌జీసీ బావిలో ఇవి దొరికిన కొమ్ముగూడెం పేరే వాటికి పెట్టారు. అక్కడ లోతైన చోట్ల మెరుపు ఒక శాతం దాటింది. అంత కాగినప్పుడు వదిలిన గ్యాసే పైనున్న ఇసుకరాతిలో చేరి మండపేట గ్యాసు అయింది. ఇల్లెందులో పెళ్లలుగా తవ్వుతున్నదాని అన్నదమ్ములే అక్కడ పైపుల్లోంచి వస్తున్నాయి.

బాపులపాడు నుంచి సూటిగా కొలిస్తే చింతలపూడి దాదాపు 50 కిలోమీటర్లు. అక్కడి బ్లాకులు కేంద్రం వేలం జాబితాల్లోకీ వచ్చాయి. ఇటు నూజివీడు వైపు వచ్చేకొద్దీ పైన చిన్న వయసు రాళ్లు కప్పేశాయి. గొల్లపల్లి పేరుతోనే పిలిచే ఇసుకరాయి వాటిలో ఒకటి, దాన్లో ఆకుల అచ్చులు కూడా దొరుకుతాయి. ఆ కప్పు కింద బొగ్గు ఉన్నా, మరీ లోతైతే గని తవ్వడం గిట్టదు. కాబట్టి ఎవరైనా వచ్చి "మీ తోట కింద బొగ్గుంది" అని రేటు మాట్లాడితే, ముందు ఎన్ని మీటర్ల లోతున ఉందో, ఏ బోరులో తేలిందో కాగితం చూపించమనండి.