చేసినవారూ, వాడినవారూ

వస్తువు తయారుచేసినవాడికే దాని మర్మమంతా తెలుస్తుందని మనం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. టెక్నిక్స్ వారి రికార్డు ప్లేయర్ కథ తెలిశాక ఆ నమ్మకం కాస్త సడలింది.

జపాన్‌లో ఒసాకా ప్రాంతాన మత్సుషితా అనే కంపెనీ ఉండేది. నేటి పానసోనిక్ అదే. మేలురకం సంగీత యంత్రాల కోసం 1965లో వారు పెట్టుకున్న పేరే టెక్నిక్స్.

ఆనాటి ప్లేయర్లకు ఒక జబ్బు ఉండేది. మోటారేమో వేగంగా తిరుగుతుంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరగాలి. అందుకని నడుమ రబ్బరు బెల్టో, చక్రమో పెట్టేవారు. బెల్టు సాగిందంటే గాయకుడి శ్రుతి చలించినట్టే! తప్పు ఆయనది కాదు, రబ్బరుది. టెక్నిక్స్ వారు ఆ మధ్యవర్తిని తీసివేసి, మోటారు ఇరుసుమీదనే పళ్ళేన్ని నిలిపారు. ఆ పద్ధతిలో మొదటిదైన ఎస్పీ-10 1970లో వచ్చింది. 1972లో ఎస్ఎల్-1200 వచ్చింది.

ఇది పెద్దమనుషులు కుర్చీలో కూర్చుని వినడానికి చేసినది. రికార్డుమీద పిల్లల వేలు పడితే ఇంట్లో యుద్ధమే! కాని న్యూయార్కు కుర్రాళ్ళు తిరుగుతున్న రికార్డును చేత్తో ఆపారు, వెనక్కి తిప్పారు, ఆ గరగరనే తాళంగా మలిచారు. ఆ మోటుదనాన్ని ఈ యంత్రం ఓర్చుకుంది. చెయ్యి తీయగానే మళ్ళీ వేగం అందుకుంది. కంపెనీవారు కోప్పడలేదు సరికదా, 1979లో వేగం హెచ్చించి తగ్గించే జారుడు మీట అమర్చి, వారికి అనువైన కొత్త రకం తెచ్చారు.

సీడీలు వచ్చి మన రికార్డులు అటకెక్కినా, ఆ కుర్రాళ్ళ చేతుల్లో ఈ యంత్రం బతికింది. 30 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 2010లో మాత్రం గిరాకీ తగ్గిందనీ, విడిభాగాలు దొరకడంలేదనీ తయారీ ఆపేశారు. వేలాది అభిమానులు సంతకాలు చేసి మొరపెట్టుకున్నారు. 2016లో తిరిగి మొదలుపెట్టబోతే, పాత అచ్చులు పనికిరాక దాదాపు అంతా కొత్తగా చేసుకోవలసి వచ్చింది. ధర పాతదానికి కొన్ని రెట్లయింది! దాన్ని బతికించిన కుర్రాళ్ళకు అందే ధరలో ఒకటి తేవడానికి 2019 దాకా పట్టింది.

ఆపడం ఒక్కరోజు పని, అందుకోవడమే కష్టం.

ఇకమీదట మా పిల్లలు ఏ వస్తువునైనా తలకిందులుగా తిప్పుతుంటే, కసరబోయి ఒక్క క్షణం ఆగుదామనుకుంటున్నాను. ఆ తర్వాత ఎలాగూ కసురుతాను లెండి!