ప్లానులో గిలాబుకును బండలకును చోటు కల్పింపుడు

సి.బెళగల్ మండల గ్రామస్థులకు విజ్ఞప్తి



పాఠశాలకు గాని, అంగన్‌వాడీకి గాని తయారగు ప్లానులో గోడల పొడవును, తలుపుల వెడల్పును, స్తంభముల కొలతలును విశదముగా నుండగా, పిల్లలు కూర్చుండు నేల ఏ రాతిదో, వారు వీపు చేర్చు గోడకు ఏ గిలాబు పూయవలెనో తెలుపు వివరము మాత్రము తరచుగా ‘మామూలు ఫినిషింగ్’ అను రెండు మాటలతో ముగిసిపోవుచున్నది. ఏమి చేయవలెనో వ్రాయనిచోట, ఏల చేయలేదని అడుగుటకు ఎవరికిని ఆధారముండదు.

తొమ్మిదంగుళముల ఇటుక గోడకు లోపల 12, వెలుపల 20 మిల్లీమీటర్ల గిలాబు పూసినచో దాని మందము 230 నుండి 262 మిల్లీమీటర్లగును. 20 మిల్లీమీటర్ల బేతంచెర్ల బండను అంతే మందపు మాలుపై పరచినచో నేల 40 మిల్లీమీటర్లు లేచును. ఈ లెక్క ప్లానులో లేకున్నచో, ముందుగా నిలిపిన ద్వారబంధమునకు బిగించిన తలుపు బండను రాచుకొనును. మేస్త్రీ దాని అడుగు కోయును. రంగు లేని ఆ కోతలోనుండి చెక్క వానతడిని పీల్చి ఉబ్బును.

మన పాత మిద్దెలకు ఇంకను శ్రద్ధ కావలయును. మట్టిగోడపై సిమెంటు గిలాబు పూసినచో లోని చెమ్మ వెలికి రాలేక అది పెచ్చులుగా ఊడును. సున్నపు గార చెమ్మను విడుచును. 2009 అక్టోబరు నాటి తుంగభద్ర వరద నెరిగినవారికి చెమ్మ చేయు కీడును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మరమ్మతు ప్లానులో గారయో, సిమెంటో, మిద్దెపై చవుడు ఎంత మందమో స్పష్టముగా వ్రాయవలెను.

నిర్మాణ చిత్రములు గీయు పద్ధతికి ఐ.ఎస్. 962 అను జాతీయ ప్రమాణము కలదు. అయినను గీతల గుర్తు ‘ఇది రాయి’ అని చెప్పగలదే గాని, ఏ రాయి, ఎంత మందము, పాలిష్ పట్టినదా కాదా యని చెప్పజాలదు. కంప్యూటరులో కట్టెడి నమూనాకును ఇదే లోపము పట్టుచున్నది. గోడపై బండ బొమ్మ నతికించినచో కంటికింపుగా నుండును. పూతను దాని పేరుతో, మందముతో ప్రత్యేకమైన పొరగా నమోదు చేసినప్పుడే, కిటికీల ఖాళీని తీసివేసి ఎన్ని చదరపు మీటర్ల పని జరుగవలెనో యంత్రము తేల్చును. గుత్తేదారు బిల్లును సరిచూచుటకు పనికివచ్చునది అదియే.

కావున రాబోవు గ్రామసభలో తీర్మానము చేయుడు. ప్రభుత్వ ధనముతో కట్టు ప్రతి భవనపు ప్లానుకును గదివారీగా నేల, గోడ, కప్పుల పదార్థమును, మందమును తెలుపు పట్టికను తెలుగులో జతపరచవలెననియు, పని మొదలిడుటకు ముందే దాని ప్రతిని గ్రామ సచివాలయమున అంటింపవలెననియు, ఇంజనీరింగ్ అసిస్టెంటు ఆ పట్టికను చేతబట్టి కొలిచి చూచిన పిదపనే బిల్లు నడువవలెననియు కోరుడు.