బిల్లులోనే చెల్లింపు లింకు ఉండాలి

మన యూనియన్ సభ్యుల్లో నేరుగా అమ్ముకునేవాళ్ళ సంఖ్య ఇప్పుడు తక్కువేమీ కాదు. మామిడి, బెల్లం, దంపుడు బియ్యం, పసుపు, ఒక్కొక్కరిదీ ఒక్కో సరుకు. కొందరు వాట్సాప్ గ్రూపుల్లో ఆర్డర్లు తీసుకుంటున్నారు. కొన్ని రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు, అంటే మనం ఎఫ్‌పీవోలు అంటున్నవి, సొంతంగా ఆన్‌లైన్ దుకాణాలే తెరిచాయి. దళారీ లేకుండా అమ్ముకోవాలని మనం ఎన్నో ఏళ్ళుగా సభల్లో చెబుతున్న మాటే ఇది. సరుకు పోతోంది. ధర కూడా యార్డు కంటే మెరుగ్గానే వస్తోంది. ఆగిపోతున్నది ఒక్కచోటే, డబ్బు చేతికి రావడం దగ్గర.

మా పక్క ఊళ్ళో ఒక రైతు దంపతులు తోట కౌలుకు తీసుకుని, బంగినపల్లి కాయను గడ్డి వేసి మాగబెట్టి, 5 కిలోల పెట్టెల్లో హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లకు ఆర్టీసీ కార్గోలో పంపారు. కాయ బాగుందని అందరూ మెచ్చుకున్నారు. సీజను అయిపోయిన రెండు నెలలకు కూడా ఇరవై పైచిలుకు పెట్టెల డబ్బు రాలేదు. ఫోన్లు చేసే పని ఆమెది. "కాయలు ఎట్టా ఉన్నాయండీ అని మొదలుపెడతానన్నయ్యా, డబ్బు మాట ఎత్తలేక పెట్టేస్తాను" అంది. ఆయన మాట ఇంకోలా ఉంది. "వచ్చే ఏడు కమీషన్ కొట్టుకే తోలేస్తా. కమీషన్, తరుగు పోతే పోయింది, పట్టీ రాసి చేతిలో డబ్బు పెడతాడు గదా."

ఈ మాట విన్నాకే ఈ వ్యాసం రాయాలనిపించింది. ఇరవై పెట్టెల బాకీ పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ దానికి విసిగిపోయి ఒక రైతు తిరిగి కమీషన్ కొట్టుకు పోతే, మనం ఇన్నాళ్ళూ చెప్పిన ప్రత్యక్ష అమ్మకం అక్కడితో ఆగిపోయినట్టే. ఆ బాకీ పడ్డవాళ్ళు ఎగవేతదారులా అంటే, చాలామంది కాదు. వాళ్ళకు వెళ్ళిన బిల్లు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తెల్లకాగితం మీద పెట్టెల లెక్క రాసి ఫొటో తీసి పంపారు. డబ్బు ఎక్కడికి పంపాలో అందులో లేదు. ఫోన్ నంబరు వేరే మెసేజీలో ఉంది, అదీ నాలుగు రోజుల కింద పంపింది.

ఎఫ్‌పీవోల బిల్లులు కూడా నేను చూశాను. పైన కంపెనీ పేరు, రంగుల బొమ్మ, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ఘనంగా ఉంటాయి. అడుగున చిన్న అక్షరాల్లో బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు. ఇప్పుడు ఆ నంబర్లు ఒక్కొక్కటీ చూసి ఫోన్లో కొట్టుకునే ఓపిక ఎవరికుంది? సాయంత్రం పంపుదాంలే అనుకుంటారు, మర్చిపోతారు. కూరగాయల బండి దగ్గర కూడా జనం ఫోను తీసి క్షణంలో చెల్లిస్తున్నారు. 2016లో యూపీఐ వచ్చింది, ఇవాళ పల్లెలో టీ కొట్టుకూ అదే. మన బిల్లు మాత్రం ఇంకా చలానా నింపే కాలంలోనే ఉంది.

ఆన్‌లైన్ దుకాణం కదా, ఆర్డరు పెట్టేటప్పుడే డబ్బు కట్టించుకోవచ్చు కదా అంటారు. సబ్బులు, చొక్కాలు అమ్మేవాడికి అది కుదురుతుంది. మన సరుకు అలాంటిది కాదు. కాయ కోసి, గ్రేడు చేసి, తూకం వేస్తే గానీ మొత్తం తేలదు. అడిగినవాళ్ళకు పది పెట్టెలు ఇస్తామో ఏడే ఇస్తామో కోత రోజున తెలుస్తుంది. కార్గో చార్జీ ఆ తర్వాత. అంటే మన అమ్మకంలో అసలు లెక్క పూర్తయ్యేది బిల్లు దగ్గరే. డబ్బు అడగాల్సిందీ అక్కడే. అందుకే బిల్లులోనే, మొత్తం పక్కనే, నొక్కితే చెల్లింపు తెర తెరుచుకునే లింకు ఉండాలంటున్నాను.

రైతుబజార్లు గుర్తు చేసుకోండి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో అవి మొదలైనప్పుడు రైతుకు నచ్చింది ధర ఒక్కటే కాదు. తూకం వేయగానే డబ్బు చేతిలో పడేది. దూరం అమ్మకంలో కొనేవాళ్ళ ముఖం కనపడదు, అరువు దొడ్డిదారిన మళ్ళీ వచ్చి కూర్చుంది. 'అప్పు రేపు' అని బోర్డు పెట్టుకోవడానికి మనకు కొట్టు కూడా లేదు.

గడువు రాస్తే సరిపోతుందనేవాళ్ళకు చెరకు రైతును చూపిస్తాను. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. కాగితం మీద ఇంత గట్టి గడువు మన వ్యవసాయంలో ఇంకో పంటకు లేదనుకుంటాను. అయినా బకాయిల కోసం ఫ్యాక్టరీ గేట్ల ముందు ఎన్నిసార్లు కూర్చున్నామో మీకు తెలుసు. ఫ్యాక్టరీ మీద మనకున్నది పోరాటబలం. దూరాన ఉన్న కొనుగోలుదారుల దగ్గర ఆ బలం పనికిరాదు, అవసరమూ లేదు. వాళ్ళకు కావాల్సింది సులువు. అది మన చేతిలో ఉంది.

ఇక లింకు సంగతి. రెండు రకాలున్నాయి. మొదటిది ఉత్త యూపీఐ లింకు. అందులో మన యూపీఐ ఐడీ, పేరు, కట్టాల్సిన మొత్తం, బిల్లు నంబరు ముందే నింపి ఉంటాయి. నొక్కితే ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్, వాళ్ళ దగ్గర ఏది ఉంటే అది తెరుచుకుంటుంది. పిన్ కొడితే సరి. మన బ్యాంకు ఖాతాలో వెంటనే పడుతుంది, ఏ కోతా ఉండదు. ఇబ్బంది ఒకటుంది. ఈ లింకును వాట్సాప్‌లో ఊరికే మెసేజీగా పెడితే నొక్కడానికి లేకుండా ఉత్త అక్షరాలుగా కనిపిస్తుంది. కాబట్టి బిల్లును పీడీఎఫ్‌గా చేసి అందులో బటన్‌లా పెట్టాలి, పక్కన అదే మొత్తంతో క్యూఆర్ కూడా ముద్రించాలి. క్యూఆర్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోవద్దు. బిల్లు వచ్చిన ఫోనుతోనే దాన్ని స్కాన్ చేయలేరు కదా! బొమ్మను దాచుకుని గ్యాలరీ నుంచి తీయాలి, పెద్ద మొత్తాలైతే అది ఆగిపోతూ ఉంటుంది.

రెండోది పేమెంట్ గేట్‌వే కంపెనీలు ఇచ్చే లింకు. అది మామూలు వెబ్ లింకు కాబట్టి ఎక్కడ నొక్కినా తెరుచుకుంటుంది. కార్డుతోనూ కట్టవచ్చు. ఆన్‌లైన్ దుకాణంతో కలిపితే డబ్బు కట్టగానే బిల్లు మీద 'చెల్లింపు అయింది' అని దానంతటదే పడుతుంది. కానీ వాళ్ళు రుసుము తీసుకుంటారు, డబ్బు ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. రుసుము 2 శాతం అనుకుంటే వెయ్యి రూపాయల బిల్లుకు 20 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 23 రూపాయల 60 పైసలు. రోజుకు వంద బిల్లులు కొట్టే ఎఫ్‌పీవోకు ఒక గుమస్తా జీతం మిగులుతుంది కాబట్టి గిట్టుబాటు కావచ్చు. నాలుగు ఎకరాల రైతుకు మాత్రం మొదటిదే చాలు.

లింకు వల్ల ఇంకో మేలు కూడా ఉంది, మన దగ్గర ఇది తరచూ జరిగేదే. ఆర్డరు ఇచ్చేది బెంగళూరులో ఉన్న కూతురు, కాయలు తినేది గుంటూరులో ఉన్న అమ్మానాన్నలు. పెట్టె అందాక డబ్బు తీసుకుందామంటే ఆ పెద్దాయన్ను అడగాలి. లింకు ఉన్న బిల్లయితే నేరుగా కూతురికి పోతుంది. ఆ పెద్దాయన ముందు మొహమాటపడే పని ఉండదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. లింకు నొక్కితే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? కొన్ని ఎఫ్‌పీవోల బిల్లుల మీద మేనేజరు సొంత ఫోను నంబరు చూశాను. సౌకర్యం కోసం పెట్టామంటారు. ఆ మేనేజరు ఎంత నిజాయితీపరుడైనా సరే, వెయ్యిమంది వాటాదారుల సరుకు డబ్బు ఒకరి సొంత ఖాతాలో పడకూడదు. కంపెనీ కరెంటు ఖాతాకే లింకు ఉండాలి. 2025 జూన్ నెలాఖరు నుంచి యూపీఐలో డబ్బు పంపే ముందు బ్యాంకులో నమోదైన అసలు పేరే చూపించాలని ఎన్‌పీసీఐ నిబంధన పెట్టింది. కంపెనీ పేరున బిల్లు వెళ్ళి, నొక్కితే ఇంకెవరిదో పేరు కనపడితే పట్నంలో ఉన్నవాళ్ళు ఆగిపోతారు. ఆగిపోవడమే మంచిది కూడా. వాటాదారులుగా ఉన్న మన సభ్యులు వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రశ్న అడగండి. మొహమాటపడకండి.

ఇంటి అమ్మకాల్లోనూ అంతే. మాగబెట్టేది, పెట్టెలు కట్టేది, ఫోన్లు చేసేది ఆడవాళ్ళయితే లింకు ఆమె ఖాతాకు ఎందుకు ఉండకూడదు? కౌలు రైతుకు ఇది ఇంకా ముఖ్యం. భూమి కాగితం మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు. ఏడాది పొడవునా బిల్లు నంబర్లతో సహా ఆయన ఖాతాలో పడ్డ డబ్బు, ఆ పంట పండించింది ఆయనే అని చూపించుకోవడానికి కనీసం ఒక ఆనవాలు.

పంట రుణం ఉన్న ఖాతాకు మాత్రం లింకు పెట్టుకోవద్దని నా సలహా. పడ్డ డబ్బు పడ్డట్టే పాత బాకీకి జమ వేసుకున్న సంగతులు మన జిల్లా కమిటీ దగ్గరకు వస్తూనే ఉన్నాయి. అప్పు ఎగ్గొట్టమని నేను అనడం లేదు. కోత కూలీలకు, అట్టపెట్టెలకు, కార్గోకు ముందు డబ్బు కావాలి. వేరే బ్యాంకులో విడి ఖాతా తెరుచుకోండి.

ఖాతాలో డబ్బు పడితే పన్ను నోటీసులొస్తాయన్న భయం కూడా మనవాళ్ళలో బాగా ఉంది. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చారు, బెంగళూరులో కొట్లవాళ్ళు 'నగదు మాత్రమే' అని బోర్డులు పెట్టారు. అది నిజమే. కానీ వాళ్ళు కొని అమ్మే వ్యాపారులు. సొంతంగా సాగుచేసి ఆ పంటను అమ్ముకునే రైతు ఆ అమ్మకం మేరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కరలేదని చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది. కౌలు రైతూ సాగుదారే. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్నూ లేదు. పచ్చళ్ళు, నూనెలు చేసి అమ్మేవాళ్ళు, పక్కవాళ్ళ సరుకు కొని అమ్మేవాళ్ళు, ఎఫ్‌పీవో కంపెనీలు ఆ గీత దాటినట్టే, వాళ్ళు అకౌంటెంటును కలవాలి. సొంత పంట అమ్మేవాళ్ళకు బిల్లు నంబరుతో వచ్చిన డబ్బే రేపు రుజువు. లెక్కా పత్రం లేకుండా వచ్చిన డబ్బుకే సంజాయిషీ చెప్పుకోవాలి.

మోసాల గురించి రెండు మాటలు. డబ్బు పుచ్చుకోవడానికి మనం పిన్ కొట్టనక్కరలేదు. "మీకు డబ్బు పంపుతున్నా, ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరన్నా సైనికాధికారినని చెప్పినా సరే ఫోను పెట్టేయండి. చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపితే దాన్ని నమ్మి పెట్టె బస్సెక్కించవద్దు, అలాంటివి తయారుచేసే యాప్‌లున్నాయి. మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. బిల్లు నంబరు లింకులోనే ఉంటే ఎవరి డబ్బు ఏదో ఇట్టే తెలుస్తుంది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

డబ్బు ముందే అడిగితే కొనేవాళ్ళు నొచ్చుకుంటారని మా ఊరి పెద్దలు కొందరు అన్నారు. కరెంటు బిల్లు, గ్యాసు బిల్లు, పిల్లల ఫీజు అన్నిటికీ వాళ్ళు లింకు నొక్కే కడుతున్నారు. ఎవరూ నొచ్చుకోవడం లేదు. రైతు దగ్గరకొచ్చేసరికే మర్యాద గుర్తుకొస్తోంది, అదీ మనకే. పైగా లింకు ఉంటే ఫోన్ చేసి అడిగే బాధ తప్పుతుంది. ఆ ఇబ్బంది పడలేకే గదా ఆ చెల్లెలు ఫోను పెట్టేసింది.

జిల్లా కమిటీలకు నా ప్రతిపాదన ఇది. మామిడి సీజను మొదలయ్యేలోగా మండలానికో శిక్షణ పెట్టాలి, ఒక పూట చాలు. ఫోన్లో బిల్లు చేయడం వచ్చిన కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళనే పిలవాలి. బిల్లు నమూనా ఒకటి యూనియనే తయారుచేసి ఇవ్వాలి. నంబరు, తేదీ, రకం, తూకం, రేటు, కార్గో, మొత్తం, దానికింద లింకు, క్యూఆర్, 'సరుకు బయలుదేరేలోపు చెల్లించగలరు' అన్న ఒక్క వాక్యం. అన్నీ తెలుగులోనే. ఆడవాళ్ళను తప్పకుండా పిలవాలి, ఆర్డర్లు చూసేది వాళ్ళే కాబట్టి. ప్రతి ఒక్కరూ తమ ఫోనులో సొంత లింకు చేసుకుని, పక్కవాళ్ళ చేత ఒక్క రూపాయి కట్టించుకుని, ఖాతాలో పడిందని చూసుకున్నాకే ఇంటికి వెళ్ళాలి.