వేలిముద్ర అమ్మ కూడా చదివించగలదు

"వీళ్లని ఇంటిదగ్గర ఎవరూ పట్టించుకోరండీ!" మన పిల్లల గురించి బడుల్లో తరచూ వినపడే మాట ఇది. పొద్దున్నే కూలికి పోయి, పొద్దుగూకాక వచ్చి పొయ్యి ముట్టించే తల్లి గురించి అంటున్న మాట! హోంవర్కు ఇచ్చేవాళ్లు ఇంట్లో బల్ల ఉంటుంది, చదువుకున్న తండ్రి ఉంటాడు అనుకుని ఇస్తున్నారు. ఆ ఇల్లు మనది కాదు. తరతరాలుగా మనల్ని బడి గడప తొక్కనీయని సమాజమే, ఇవాళ మీకు చదువెందుకు రాదని నిలదీస్తోంది.

అయితే కోపం ఒక్కటే పిల్లవాడికి లెక్క నేర్పదు.

బాబాసాహెబ్ 1907లో మెట్రిక్ పాసయ్యారు. అంతకుముందు బొంబాయి పరేల్‌లో ఆ కుటుంబమంతటికీ ఒకే గది. తండ్రి రామ్‌జీ రాత్రి రెండింటిదాకా మేలుకుని, కొడుకును లేపి దీపం ముందు కూర్చోబెట్టి, అప్పుడు తాను పడుకునేవారు. ఆయన చదువుకున్నవారే. కానీ ఆ రాత్రుల్లో కొడుక్కి ఇచ్చింది చోటు, వేళ, దీపం. ఈ మూడూ ఇవ్వడానికి అక్షరం రానక్కర్లేదు.

రోజూ ఒక గంట పిల్లల్ని ఏ పనికీ పిలవొద్దు. ఆడపిల్లను నీళ్లకు పంపి మగపిల్లాణ్ణి చదవమనొద్దు. ఆ గంట టీవీ, సెల్‌ఫోన్ కట్టేద్దాం. పక్కన కూర్చుని, "ఇవాళ ఏం చెప్పారు? నాకు చదివి చెప్పు" అందాం. మనకు చెప్పాలంటే ముందు వాళ్లకు అర్థం కావాలి కదా! కూలి డబ్బులు, అప్పు వడ్డీ నోటితో కట్టే అమ్మకు లెక్కలు రావని ఎవరన్నారు? ఇల్లు ఇరుకైతే అంబేద్కర్ భవనం తాళం తీద్దాం. పేటలో ఇంటరు, డిగ్రీ చదివేవాళ్లు వంతులేసుకుని పిల్లల దగ్గర కూర్చోవాలి. ఇది కూడా సంఘం పనే.

హోంవర్కు చెయ్యలేదని కొడితే ఊరుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. వెనకబడ్డ పిల్లలకు అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు విధి అని 24వ సెక్షన్ అంటోంది. సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లుండాలి అంటోంది 21వ సెక్షన్. ఆ మీటింగుకు పోదాం. వేలిముద్ర వేసి రావడానికి కాదు. "మా పిల్లకు రాని లెక్క బడిలోనే ఎందుకు చెప్పరు?" అని అడగడానికి.

దీపం పెట్టడం మన వంతు. పాఠం చెప్పడం బడి వంతు. మన వంతు చేద్దాం, వాళ్ల వంతు చేయిద్దాం.

జై భీమ్!