బీరువాలో పెట్టిన పలక

మా పాప చదివే బడిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఆర్డ్యునో బోర్డులు వరసగా పేర్చి ఉంటాయి. బీరువాకి తాళం. తనిఖీకి ఎవరైనా వస్తే తీస్తారు, ఫోటో అయ్యాక వేసేస్తారు. మొన్న సైన్స్ ఎగ్జిబిషన్‌కి తాళమైతే తీశారు గానీ వైర్లు కలిపే పని మగపిల్లలకిచ్చారు. మా పాప జట్టుకి చార్టులు రాయడం, గుమ్మంలో ముగ్గెయ్యడం. "ఆడపిల్లల చేతిరాత బాగుంటుంది కదండీ" అన్నారు టీచరమ్మ. నేనూ నవ్వేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక నా మీద నాకే కోపమొచ్చింది.

ఇంతకీ ఏముంది అందులో? ఆర్డ్యునో నానో అనే బోర్డు నాలుగున్నర సెంటీమీటర్ల పొడుగు, రెండు సెంటీమీటర్లు కూడా లేని వెడల్పు. నా పోపులపెట్టెలో ఒక గిన్నెలో పడుతుంది. అయిదు వోల్టులతో నడుస్తుంది, ముట్టుకుంటే షాక్ కొట్టదు. నకలు బోర్డయితే రెండు మూడు వందలకే వస్తుంది. దాని చిప్ మీద ప్రోగ్రామ్ పదివేలసార్లు చెరిపి రాసుకోవచ్చు. పలకే కదండీ ఇది! పలకని బీరువాలో పెట్టి తాళం వేస్తారా ఎవరైనా?

టీచరమ్మని అనేస్తే సరిపోదు, బోర్డు కాలిపోతే జవాబు చెప్పుకోవలసింది ఆవిడే. కానీ నీతి ఆయోగ్ వాళ్ళు 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తున్నది, ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలు విప్పి, బిగించి, పాడుచేసి నేర్చుకోవాలనే. అసలు ఈ ఆర్డ్యునో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిందే డిజైన్ చదివే పిల్లల కోసం, ఇంజనీర్లు కాని వాళ్ళ కోసం.

ఇది మగపిల్లల వస్తువని ఎవరు చెప్పారో గానీ, లియా బ్యూక్లీ అనే ఆవిడ లిలీప్యాడ్ అని గుండ్రటి ఆర్డ్యునో తయారుచేశారు. 2007లో అమ్మకానికి వచ్చింది. దాన్ని కరెంటు పారే దారంతో, సూది పెట్టి బట్ట మీద కుట్టుకోవాలి! కుట్టుపని వచ్చిన చేతికి ఇది కొత్తేం కాదన్నమాట.

మా వదిన మాత్రం "గుంటకెందుకే ఆ వైర్లు, మార్కులు చూసుకోమను" అంది. ఆవిడ కొడుక్కి అవే వైర్లు కొన్నప్పుడు మార్కుల మాట రాలేదు. నేనేం తక్కువా? ఫ్యూజు పోతే ఇన్నాళ్ళూ మా బాబునే పిలిచాను, పాపని టార్చి పట్టుకోమన్నాను.

అందుకే చీటీ డబ్బుల్లోంచి తీసి ఒక నానో, దూరం కొలిచే సెన్సారు, ఒక బజరు కొన్నాను. మా ఇంట్లో మోటారు వేసి మరిచిపోవడం, ట్యాంకు పొర్లి మెట్లన్నీ తడవడం మామూలే. ట్యాంకు మూత లోపల సెన్సారు పెడితే అది చెవికి వినబడని శబ్దం పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి నీళ్ళు ఎంత పైకొచ్చాయో కొలుస్తుంది. నీళ్ళు దగ్గరికి రాగానే బజరు మోగాలి. మోటారు కరెంటు జోలికి పోవద్దని, స్విచ్చి నేనే కడతానని ముందే చెప్పాను.

మొదటిరోజు ట్యాంకు ఖాళీగా ఉండగా మోగింది. రెండోరోజు నిండి పొర్లినా మోగలేదు, మెట్లు తుడిచింది నేనే. ఈ రాత్రి మళ్ళీ రాస్తుందట. శనివారం బడికెళ్తున్నాను, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడగడానికి.