వినుకొండ ఎండకు తగిన పరిమళ గులాబీ

పల్నాటి వేసవి ఎంతటిదో రెంటచింతల పేరు వింటేనే తెలుస్తుంది. వినుకొండ ఎండ కూడా దానికి తీసిపోదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ మెట్టలో సువాసన గల గులాబీ నిలవదన్న అభిప్రాయం విస్తరణ సిబ్బందిలోనూ వినిపిస్తుంది. నిజానికి లోపం వాతావరణంలో కన్నా రకం ఎంపికలోనే ఎక్కువగా ఉన్నది.

నర్సరీలలో విరివిగా దొరికే హైబ్రిడ్ టీ రకాలలో అధికభాగం చల్లని దేశాలలో, పువ్వు పరిమాణం, కాడ పొడవు, నిల్వ కాలం చూసి రూపొందించినవి. ఆ వరుసలో వాసన వెనుకబడింది. గులాబీలో జెరానియాల్ తయారీకి తోడ్పడే ఒక ఎంజైమును ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2015లో గుర్తించారు. వాసన తక్కువైన రకాలలో దాని జన్యువు దాదాపు నిద్రాణంగా ఉంటుందని తేల్చారు. అట్టి మొక్కకు ఎంత ఎరువు వేసినా పరిమళం రాదు.

పన్నీరు గులాబీగా పేరొందిన ఎడ్వర్డ్ రకం సంగతి వేరు. దమస్కు, చైనా గులాబీల కలయికతో 19వ శతాబ్ది ఆరంభంలో రీయూనియన్ దీవిలో వెలుగు చూసిన బోర్బన్ వర్గానికి ఇది చెందుతుంది. దమస్కు గులాబీ ఉత్తరాదిన వసంతంలో ఒక్క విడత పూసి ఆగిపోతుంది. పన్నీరు గులాబీ పలుమార్లు పూస్తుంది; తమిళనాడు మైదానాలలో దండలకు సాగవుతున్నది. విచిత్రమేమంటే, ఇదే మొక్కను అంట్లకు వేరుమొక్కగా వాడి, దాని చిగుళ్ళను తుంచివేయడమూ ఉన్నది! ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి, తదుపరి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ మన అడవి జాతులైన రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియాలతో ఉష్ణ ప్రాంతాలకు తగిన సంకరాలను రూపొందించారు. వాటిని పన్నీరు గులాబీ పక్కన నాటి పల్నాడు నేలల్లో పరీక్షించడం అవసరం.

వినుకొండలో గులాబీకి ఎండకన్నా పెద్ద చిక్కు పక్కనున్న మిరప తోట. మిరపలో ఆకుముడతకు కారణమయ్యే తామర పురుగు గులాబీ చిగుళ్ళనూ మొగ్గలనూ ఆశిస్తుంది. రసం పీల్చిన మొగ్గ సరిగా విచ్చుకోదు, రేకుల అంచులు మాడతాయి. అది వడగాలి దెబ్బగా పొరబడటం తేలిక. 2021లో మిరపను దెబ్బతీసిన కొత్త జాతి తామర పురుగు పూలలోనే గుంపులుగా చేరుతుంది. అందుచేత గులాబీ మడిని మిరపకు దూరంగా ఉంచి, నీలిరంగు జిగురు అట్టలతో నిఘా పెట్టమని చెప్పడం సిఫారసులో మొదటి మాట కావాలి. మిరపకు కొట్టిన మందే గులాబీకీ కొడితే ఆ రేకులు గుల్కందుకు, పన్నీరుకు పనికిరావు.

నల్లరేగడిలో ఎత్తు మడులు తప్పనిసరి. సున్నం అధికమైన చోట ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకులు పసుపుబారితే లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము కలిపి పిచికారీ చేయాలి. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే సుమారు 45 రోజులకు, చలి మొదలయ్యే వేళకు పూత వస్తుంది. ఎండ ముదిరేకొద్దీ సుగంధ తైలాలు ఆవిరవుతాయి కనుక కోత సూర్యోదయానికి ముందే ముగియాలి. రకాల మూల్యాంకనంలో వాసనకు మార్కులు వేసేదీ ఆ వేళనే, తోటలోనే. మధ్యాహ్నం ప్రయోగశాలకు చేరిన పువ్వును బట్టి ఆ రకాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు.