ఎరువుల వాదం - గింజలోని సారం

మన పర్చూరు ప్రాంతంలో ఎరువులను గురించిన వాదం ఎప్పుడు లేచినా రెండే పక్షాలు కనిపిస్తాయి. బస్తా ఎరువు వేసి పండించిన గింజలో సారం ఉండదని ఒక పక్షం; దిబ్బ ఎరువును నమ్ముకుంటే ఊరి కడుపు నిండదని మరొక పక్షం. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఈ గొడవ ఎందుకని కళాశాల సంఘం పెద్దలు అడుగవచ్చు. మన విద్యార్థులలో కౌలురైతుల బిడ్డలు అనేకులు. ఈ వాదంలోని తప్పొప్పులు వారి కంచం దాకా వస్తాయి. అందుకే ఈ నాలుగు మాటలు. ఉభయపక్షాలవారూ ప్రశ్ననే తప్పుగా వేస్తున్నారని నా అభిప్రాయం.

మొక్క వేరుకు పేడ నత్రజని వేరు, యూరియా నత్రజని వేరు అనే భేదం తెలియదు. ఎక్కడి నుండి వచ్చినా అది నేలలో నైట్రేటుగానో, అమ్మోనియంగానో మారిన తరువాతనే ప్రధానంగా వేరుకు అందుతుంది. ఎంత అందింది, ఎప్పుడు అందింది, దానితోపాటు మరేమి అందింది అన్నవే అసలు ప్రశ్నలు. నత్రజని సమృద్ధిగా, సకాలంలో అందితే గింజలో మాంసకృత్తులు పెరుగుతాయి. సేంద్రియ ఎరువు నెమ్మదిగా కరుగుతుంది కనుక ఆ పద్ధతిలో పండిన గింజలో మాంసకృత్తులు తరచుగా కొంత తక్కువే ఉంటాయి. ఈ మాట మొదటి పక్షానికి రుచించదు. రెండవ పక్షానికి రుచించని మాట కూడా ఉన్నది. మొక్కజొన్నలో నత్రజని వల్ల అధికంగా పెరిగేది జీన్ అనే మాంసకృత్తు. దానిలో లైసీన్ అత్యల్పం. అనగా తూకం పెరిగినంతగా గుణం పెరగదు.

ఇక భాస్వరం సంగతి మన నల్లరేగడికి మరీ ముఖ్యమైనది. సున్నపుపాలు, క్షారగుణం అధికంగా గల నేలలో జింకు ఉన్నా వేరుకు చిక్కదు. దానిపై ఏటేటా మితిమీరి డీఏపీ గుప్పిస్తే మొక్కకు జింకు మరింత దూరమవుతుంది. అంతటితో ఆగదు. మిగులు భాస్వరం గింజలో ఫైటేటు రూపంలో నిలువ చేరి, ఉన్న కొద్ది జింకునూ, ఇనుమునూ మన పేగులలో పట్టి బంధిస్తుంది. నేలలో ఒకసారి, కడుపులో ఒకసారి, వెరసి రెండు దెబ్బలు.

అయితే దోషమంతా బస్తాదేనా? ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో ఆరంభమైన గోధుమ క్షేత్రం నేటికీ సాగులో ఉన్నది. ఒక మడికి పశువుల ఎరువు, మరికొన్నిటికి రసాయనిక ఎరువులు, ఒకదానికి ఏ ఎరువూ లేదు. ఏనాటి గింజలో భద్రపరచి ఉంచగా, 2008లో వాటి పరీక్షా ఫలితాలు వెలువడినవి. 1960 దశకం మధ్యభాగం వరకు గింజలోని జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం దాదాపు నిలకడగా ఉండి, ఆ తరువాత తగ్గినవి. ఎరువు వేయని మడిలోనూ తగ్గినవి, పశువుల ఎరువు వేసిన మడిలోనూ తగ్గినవి. నేలలో ఆ ధాతువులు తగ్గలేదు. మారినది విత్తనం: అధిక దిగుబడినిచ్చే పొట్టి గోధుమ వంగడాలు వచ్చిన కాలమది. గింజలు పెరిగిన కొద్దీ ధాతువుల వాటా పలచబడింది.

మన వరి కథనూ ఈ వెలుగులో చూడవలసి ఉన్నది. పొరుగున బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరి మన నోటికి సన్నబియ్యం అలవాటు చేసింది. ఆ రుచిని కాదనను, మా ఇంటిలోనూ అదే. కాని మరలో తెల్లగా పాలిష్ పట్టిన తరువాత ఇనుములో అధిక భాగం తవుడుతో పోతుంది. ఆ తవుడు గేదె తింటుంది. బడ్డున యూరియా తగ్గించినా, పెంచినా ఈ నష్టం పూడదు.

అట్లని పేడ ఎరువును తక్కువ చేయరాదు. పది టన్నుల దిబ్బ ఎరువులో నత్రజని సుమారు యాభై కిలోలే కావచ్చు. దాని విలువ ఆ లెక్కలో లేదు. అది నేలను గుల్లబరుస్తుంది, తేమను నిలుపుతుంది, బిగిసిపోయిన జింకును వేరుకు అందే రూపంలో పట్టి ఉంచుతుంది. గొర్రెల మంద కట్టించడం, పిల్లిపెసర చల్లి కలియదున్నడం, చెరువుమట్టి తోలడం మన పెద్దలు ఊరకే చేయలేదు. 2016 నుండి మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది. ఘనజీవామృతంపై నాకు గౌరవమే కాని, లేని జింకును అది సృష్టించలేదు. జింకు కొరవడిన నేలలో పెరిగిన చొప్ప తిన్న పశువు పేడలో జింకు ఎక్కడి నుండి వస్తుంది? మన భాషలో ఎరువు అనగా అడిగి తెచ్చుకొన్న సొమ్ము అని కూడ అర్థం. నేల నుండి తెచ్చుకొన్నదేదో దానినే తిరిగి ఇవ్వాలి. వేరొకటి ఇస్తే బాకీ తీరదు.

ఈ బాకీ తీర్చే తీరు మన సీమలో విడ్డూరంగా ఉన్నది. మిరపకూ, ప్రత్తికీ అప్పుచేసి అడిగినన్ని బస్తాలు వేస్తాము. తిండిగింజ వంతు వచ్చేసరికి చవకగా దొరికే యూరియాతో సరిపెడతాము. 2010లో పోషకాల ఆధారంగా రాయితీ విధానం తెచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. తక్కినవి ప్రియమైనవి, యూరియా చవకగానే మిగిలింది. ఏడాదికొక పంటకే పొలం చేతిలో ఉండే కౌలుదారు అయిదేళ్లకు ఫలమిచ్చే సేంద్రియ పదార్థాన్ని ఎందుకు తోలుతాడు? అతనిని నిందించే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

మన కళాశాల చేయదగిన పని ఒకటి ఉన్నది. 2015 నుండి భూసార పరీక్ష పత్రాలు రైతులకు ఇస్తూ వచ్చారు. వాటిలో జింకు, ఇనుము పంక్తులు ఉంటాయి. వాటిని చదివి చెప్పేవారే లేరు. విద్యార్థులు తమ ఊళ్ల నుండి ఆ పత్రాలు తెస్తే విజ్ఞానశాస్త్ర శాఖవారు చదివి చెప్పవచ్చు. మట్టిలో జింకు పది లక్షల భాగాలకు 0.6 కన్న తక్కువైతే లోపమనే లెక్క. అటువంటి వరిపొలానికి ఎకరాకు ఇరువది కిలోల జింకు సల్ఫేటు, ఆఖరి దుక్కిలో, డీఏపీతో కలపకుండా వేయాలి. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ నుండి 2016లో వచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 45 వంటి జింకు అధికంగా గల వంగడం విత్తనం మన ప్రాంతానికి తెప్పించే మార్గాన్ని సంఘంవారు వ్యవసాయ శాఖను అడుగవచ్చు.